ఇకెబానా నేర్పు పాఠము
(స్త్రీల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమునకు దేవాలయమును ఎట్లు అలంకరింపవలెనో చెప్పుమని నన్ను కోరిరి. అందుకై జపాను దేశపు పుష్పాలంకరణ కళయైన ఇకెబానాను మీ యెదుట ఉంచుచున్నాను. పూలకు జీవము నిచ్చుట యని ఆ మాటకు అర్థము.

ఈ కళ బుద్ధునికి పూలు అర్పించు ఆచారమునుండి పుట్టినది. క్యోటో నగరములోని రొక్కకుదో ఆలయమున, చెరువు ప్రక్కన నివసించిన ఇకెనొబో అను పూజారులు దీనిని పెంపొందించిరి. 1462లో వారిలో సెన్‌కే అను నతడు పూలు అమర్చగా నగరవాసులు చూడవచ్చిరని ఆనాటి దినచర్య గ్రంథములో వ్రాయబడినది. 1927లో తెషిగహారా సోఫు స్థాపించిన సోగెత్సు వంటి పాఠశాలలు దీనిని ఇతర దేశములకును అందించినవి.

బౌద్ధాలయములో పుట్టిన కళతో మనకేమి పని యని కొందరు అడుగవచ్చును. వారి ఆరాధనను మనము తెచ్చుకొనుట లేదు. అడవి పువ్వులను గమనించుట కొండమీది ప్రసంగములో మన ప్రభువే నేర్పెను. ఆ గమనించుట యందు వారు మనకంటె శ్రద్ధ చూపిరి.

వారు కొమ్మను చేత పట్టి, ఏ ముఖము వెలుగు వైపు పెరిగినదో ముందు చూతురు. కాడలోనికి గాలి చొరకుండ నీటిలో ముంచి కోయుదురు. వెడల్పు పళ్ళెములో, మేకులవంటి మొనలు గల కెంజాన్ అను బరువైన బిళ్ళపై గ్రుచ్చుదురు. సోగెత్సు పద్ధతిలో మూడు ముఖ్యమైన కొమ్మలుండును. రెండవది మొదటిదానిలో ముప్పాతిక పొడవు, మూడవది అంతకంటె పొట్టి. అడ్డమైన ఆకులను, రెమ్మలను కత్తిరించి, నడుమ ఖాళీ విడుతురు. ఆ ఖాళీవలననే కొమ్మ వంపు కనబడును.

పదునారవ శతాబ్దపు తేనీటి గురువు సెన్ నో రిక్యూను గూర్చి ఒక కథ కలదు. ఆయన తోటలోని తీగపూలను చూచుటకు పాలకుడైన హిదెయోషి వచ్చెనట. తోటలో ఒక్క పువ్వును లేదు. కోపముతో గదిలోనికి పోగా, అక్కడ ఒకే ఒక్క పువ్వు అమర్చబడి యుండెను. దానిని ఆయన నిజముగా చూచెను.

అయితే వారు కత్తిరింపనివి కూడ ఉన్నవి. విచ్చని మొగ్గను వారు పారవేయరు. అందులో రేపు ఉన్నది. పురుగు తిన్న ఆకును, వాడిన ఆకును సహితము ఇకెనొబో వారు ఉంచుదురు; అదియు జీవములో భాగమే.

మనమేమి చేయుచున్నాము? సిలువ కనబడనంతగా బల్లమీద గుత్తులు పేర్చుచున్నాము. వేదికపై దండలు, శిలాఫలకములపై పేర్లు పెంచుచున్నాము. మొగ్గలవంటి పిల్లలను వెనుక వరుసకు పంపుచున్నాము. ఈ సంఘమును మోసి అలసిన వృద్ధులను ఇంటియొద్ద మరచుచున్నాము. అక్కరలేనిది ఉంచి, ఉంచవలసినది కోయుచున్నాము.

గుమ్మమునకు బంతిపూల తోరణము కట్టుడి. అది మన సంతోషము. బల్లమీద మాత్రము మీ పెరటి నందివర్ధనపు కొమ్మ ఒక్కటి చాలును. దానిని ఒక వృద్ధురాలును ఒక చిన్నపిల్లయు కలిసి, తొందరలేక, మౌనముగా అమర్చనిండు. ఏది తీసివేయవలెనో, ఎవరిని తీసివేయరాదో తెలిసికొను కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.