తుపాకి లైసెన్సు – ఇంట్లో ఆడమనిషి మాట

 

ఈ వారం మనం రెండు మాటలు రాయడం నేర్చుకున్నం. ఒకటి అర్జీ. రెండోది లైసెన్సు. ఇయ్యాల ఆ రెండు మాటల గురించే చెప్త.

లైసెన్సు అంటే సర్కారు ఇచ్చే అనుమతి. బండి నడపాలంటే లైసెన్సు కావాలి. తుపాకి ఉంచుకోవాలన్నా లైసెన్సు కావాలి. "మా ఇండ్లల్ల తుపాకులు ఎక్కడివి?" అని మీరు నవ్వుతరు. నిజమే, మన కాజీపేటలో చాలా ఇండ్లల్ల ఉండవు. కానీ ఫౌజు నుంచి రిటైరై బ్యాంకు కాపలా చేసేవారికి ఉండొచ్చు. భూముల వ్యాపారం చేసేవారికి ఉండొచ్చు. ఆ ఇండ్లల్ల కూడా ఆడవాళ్లు ఉంటరు కదా!

తుపాకి పేలనక్కర లేదు. గోడకు వేలాడుతుంటే చాలు. తాగి వచ్చిన మగడు దాని దిక్కు ఒక్కసారి చూస్తే చాలు. ఆమె నోరు మూసుకుంటది. ఒంటి మీద దెబ్బ ఉండదు. ఇరుగు పొరుగు వాళ్లు, ఆ సంసారం మంచిగుంది అనుకుంటరు. ఎవరైనా అడిగితే, "లైసెన్సు ఉన్న తుపాకి, మనమేం చేస్తం?" అంటది.

ఆ మాట తప్పు. చాలా చేయొచ్చు.

మన దేశంలో ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం తుపాకి ఎవరికీ పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. 21 ఏండ్లు నిండాలి. దరఖాస్తు పెట్టాలి. పోలీసులు విచారణ చేయాలి. మన కాజీపేట వరంగల్ పోలీసు కమిషనర్ గారి కింద ఉంది. కాబట్టి ఇక్కడ లైసెన్సు ఇచ్చేది ఆయనే. కమిషనర్లు లేని జిల్లాల్లో కలెక్టరు ఇస్తారు. 2019లో చట్టం మార్చారు. ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. లైసెన్సు ఐదేండ్లకు ఒకసారి కొత్తది చేయించుకోవాలి.

ఇచ్చిన చేతికే తీసుకునే అధికారం కూడా ఉంది. ప్రజల శాంతికి, భద్రతకు అవసరం అనుకుంటే లైసెన్సును కొన్నాళ్లు ఆపొచ్చు, పూర్తిగా రద్దు చేయొచ్చు. 17వ సెక్షన్ అదే చెప్తది. ఎలక్షన్లు వచ్చినప్పుడు చూడండి. లైసెన్సు ఉన్నవారిని పిలిచి, తుపాకులు ఠాణాలో అప్పజెప్పమంటరు. ఓట్ల శాంతి కోసం తుపాకి తీసి పెట్టగలిగిన వాళ్లు, ఇంటి శాంతి కోసం ఎందుకు పెట్టలేరు? "అది మొగుడు పెళ్లాల గొడవ" అని కొందరు తోసేస్తరు. మనం తోసేయనియ్యొద్దు.

మీకు బైండోవర్ అనే మాట తెలుసు. గొడవ చేసేవానితో "ఇకమీద శాంతిగా ఉంటా" అని పూచీకత్తు రాయించడం. ఆ పూచీకత్తు నడిచినన్ని రోజులు వాడు తుపాకి ఉంచుకోకూడదు. కొట్టిన కేసులో జైలు శిక్ష పడితే, శిక్ష అయిపోయినంక ఐదేండ్ల దాకా ఉంచుకోకూడదు. ఇది ఆయుధాల చట్టంలోనే 9వ సెక్షన్. చాలామందికి ఈ సంగతి తెల్వదు.

ఇంకొకటి గృహహింస చట్టం. 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. కొడితేనే హింస కాదు, బెదిరించినా హింసే. రక్షణ అధికారి ద్వారా గాని, నేరుగా గాని మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు. బెదిరించడానికి వాడిన ఆయుధాన్ని పోలీసుల సాయంతో స్వాధీనం చేసుకోమని మేజిస్ట్రేటు రక్షణ అధికారికి రాసి ఇవ్వొచ్చు. తుపాకే కానక్కర లేదు. గొడ్డలైనా, కత్తైనా అంతే. రక్షణ ఉత్తర్వు ఇచ్చినంక దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20 వేల దాకా జుర్మానా, లేదా రెండూ.

లైసెన్సు లేని నాటు తుపాకి అయితే సంగతి వేరు. అది ఇంట్లో ఉండుడే నేరం. 100కు ఫోన్ చేయండి.

ఒక లోటు కూడా చెప్పాలి. కెనడా దేశంలో మగడు లైసెన్సు అడిగితే, దరఖాస్తు మీద భార్య సంతకం అడుగుతరు. ఆమె పెట్టకపోతే అధికారులే ఆమెకు కబురు చేస్తరు. మన పిల్లలు పోయే అమెరికాలో, భార్యను కొట్టి శిక్ష పడ్డవారు తుపాకి ఉంచుకోకూడదని 1996లో చట్టం చేశారు. మన దగ్గర భార్య సమ్మతి అడిగే పద్ధతి లేదు. అడగకపోతేనేం? మనమే చెప్తం. రాయడం వచ్చింది కదా!

ఇట్ల రాయండి:

"వరంగల్ పోలీసు కమిషనర్ గారికి. అయ్యా, నా భర్తకు తుపాకి లైసెన్సు ఉంది. ఫలానా తారీఖు రాత్రి ఆ తుపాకి చూపి నన్ను చంపుతానని బెదిరించాడు. నాకు, నా పిల్లలకు ప్రాణభయం ఉంది. తుపాకిని స్వాధీనం చేసుకొని, లైసెన్సు ఆపాలని కోరుతున్నాను."

కింద పేరు, ఊరు, తారీఖు, సంతకం. వేలిముద్ర కాదు, సంతకం! బెదిరించిన మాట ఉన్నదున్నట్టు రాయండి. చంపుతానని బెదిరిస్తే ఏడేండ్ల దాకా జైలు పడొచ్చు. ఎవరైనా విని ఉంటే వాళ్ల పేరూ రాయండి.

తుపాకిని మాత్రం మీరు ముట్టొద్దు, దాచొద్దు. మొదట పిల్లలను తీసుకొని బయటపడండి. ఆడవాళ్ల కోసం 181 నెంబరు ఉంది, రాత్రీ పగలూ పలుకుతది. వకీలుకు పైసలు లేవని ఆగొద్దు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా వకీలును పెడతరు. సంపాదన ఎంత అని చూడరు. ఆ నెంబరు 15100.

అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ఆఫీసు ముద్ర, తారీఖు వేయించుకోండి. ఆ కాపీని మీ ఇంట్లో పెట్టొద్దు. తల్లిగారింట్లోనో, నమ్మకమైన మనిషి దగ్గరో దాచండి.