మందు పట్టనప్పుడు మనమేం చేయాలి?



సంఘం సభల్లో పిల్లల చదువుల గురించి, పెళ్లి ఖర్చుల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి మన ఇళ్లలో చప్పుడు చేయకుండా కూర్చున్న ఒక బాధ గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము. అదే నరాల నొప్పి.

బోరబండలో మనవాళ్లు ఎక్కువమంది రెక్కల కష్టం మీద బతికేవాళ్లే. మిషను కుట్టేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, ఫిల్మ్‌నగర్ షూటింగుల్లో లైట్లు మోసేవాళ్లు. రాత్రి పడుకోగానే అరికాళ్లలో మంటలు, చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు బాధ. నిద్ర లేనివాడు పొద్దున్నే పనికెలా పోతాడు? డాక్టరు మాత్ర రాస్తాడు, కొన్నాళ్లు హాయిగా ఉంటుంది. తర్వాత “మందు పట్టడం లేదు” అంటారు. ఇక్కడే మన ఇళ్లలో అసలు నష్టం మొదలవుతుంది. ఒకరు మందు మానేస్తారు, ఇంకొకరు రెండింతలు మింగుతారు. ఈ రెండూ ప్రమాదమే.

నరాల నొప్పి వేరు, ఒళ్లు నొప్పులు వేరు. దెబ్బ తగిలిన నొప్పి దెబ్బ మానితే పోతుంది. నరమే చెడితే, ఏ దెబ్బా లేకున్నా అది మెదడుకు నొప్పి కబురు పంపుతూనే ఉంటుంది. అందుకే మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. డాక్టర్లు గబాపెంటిన్, ప్రీగబాలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ వంటివి రాస్తారు. అమెరికాలో అమిట్రిప్టిలిన్‌కు 1961లో దిగులు జబ్బు మందుగా, గబాపెంటిన్‌కు 1993లో మూర్ఛ మందుగా అనుమతి దొరికింది. ఆ సంగతి ఎవరో చెప్పగానే “నాకేమన్నా పిచ్చా, ఫిట్సా?” అని మాత్రలు పారేసేవాళ్లున్నారు. అట్లా చేయొద్దు. నరాల అలజడిని తగ్గించే గుణం వాటికి ఉంది కాబట్టే నొప్పికీ ఇస్తున్నారు.

ఇంకో మాట. షుగరు వల్ల వచ్చిన నరాల నొప్పికి గబాపెంటిన్ వాడితే, పదిమందిలో ముగ్గురు నలుగురికే నొప్పి సగానికి తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కనుక ఒక మందు పట్టకపోతే అది రోగి తప్పు కాదు, డాక్టరు మోసమూ కాదు. మందు మార్చి చూడొచ్చు, రెండు కలిపి ఇచ్చే పద్ధతీ ఉంది.

మరి మొదట పట్టిన మందు తర్వాత ఎందుకు పట్టదు? షుగరు అదుపు తప్పి నరం ఇంకా చెడి ఉండొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బి12 విటమిన్ తగ్గొచ్చు, దానివల్ల కూడా నరాలు దెబ్బతింటాయి. రక్తపరీక్షతో అది తెలిసిపోతుంది. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ సంగతీ ఇంతే, అందుకే దాంతోపాటు బి6 మాత్ర ఇస్తారు. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానాకు పోయేవాళ్లు ఆ చిన్న మాత్రను వదలకండి.

ముఖంలో కరెంటు షాకులా కొట్టే నొప్పి ఒకటుంది. పంటినొప్పి అనుకుని మంచి పళ్లు పీకించుకునేవాళ్లు ఉన్నారు. హిందీ నటుడు సల్మాన్ ఖాన్ 2011లో తనకు ఈ జబ్బు ఉందని బాహాటంగా చెప్పారు. దీనికి కార్బమజిపైన్ మేలు చేస్తుందని 1962లోనే తేలింది. అయితే ఈ మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో కాలేయం దాన్ని త్వరగా ఖర్చు చేయడం నేర్చుకుంటుంది. అందుకే మొదట సరిపోయిన మోతాదు తర్వాత చాలదు. డాక్టరు మోతాదు సరిచేస్తే మళ్లీ పట్టవచ్చు. ఏ మందుకూ లొంగకపోతే, నరాన్ని నొక్కుతున్న రక్తనాళాన్ని పక్కకు తప్పించే ఆపరేషనూ ఉంది.

ఇక చేయకూడనివి. గబాపెంటిన్, ప్రీగబాలిన్ ఒక్కసారిగా మానొద్దు. చెమటలు, ఆందోళన, కొందరికి ఫిట్సు కూడా రావచ్చు. మెల్లమెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరు చెప్పినట్టు. సొంతంగా పెంచితే మత్తు, తూలు వస్తాయి. మూత్రపిండాలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్లకు మరీ ప్రమాదం. మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని రోజూ మింగితే షుగరు ఉన్నవారి కిడ్నీలు దెబ్బతింటాయి. పేరు లేని పొడులు అసలే వద్దు. కొన్నింటిలో స్టెరాయిడ్లు, సీసం బయటపడ్డాయి.

రంజాన్ నెలలో మధ్యాహ్నం మాత్ర తప్పిపోతుంది. నెల ముందే డాక్టరుకు చెబితే సహరీకి, ఇఫ్తారుకు కుదిరేలా మందు మార్చే వీలుందేమో చూస్తారు. వీలు కాదంటే, రోగికి దీన్‌లో సడలింపు ఉందని మనందరికీ తెలుసు. వుజూ చేసేటప్పుడు పాదాలు ఎలాగూ కడుగుతాం. అప్పుడే అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకుని తుడుచుకోండి. నొప్పి పోయి స్పర్శ కూడా పోతే అది నయం కావడం కాదు. పుండు పడినా తెలియని స్థితి అది.

డాక్టరు దగ్గరికి ఉత్త చేతులతో పోకండి. ఒక నోటుపుస్తకంలో ఏ మాత్ర, ఎన్ని గంటలకు, నొప్పి పదికి ఎంత, నిద్ర ఎన్ని గంటలు అని రెండు వారాలు రాయండి. రాయడం రాని పెద్దవాళ్లకు పిల్లలు రాసిపెట్టాలి. ఆ పుస్తకం, అన్ని మందుల చీటీలు పట్టుకుని ముందు బస్తీ దవాఖానాకు, వాళ్లు పంపితే పంజాగుట్ట నిమ్స్‌కు పోవచ్చు. కాలు హఠాత్తుగా చచ్చుబడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం పుస్తకం కోసం ఆగకండి, ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

నొప్పి పూర్తిగా పోతుందని మేము ఆశ పెట్టలేము. సగం తగ్గి, రాత్రి నిద్రపట్టి, పొద్దున పనికి పోగలిగితే అది చిన్న విషయం కాదు. ఇంటికి వెళ్లి మీ అమ్మీని, అబ్బాను ఒక్క మాట అడగండి: “రాత్రి నిద్ర పడుతోందా?” చాలామంది అడిగితేగాని చెప్పరు.

 అల్లాహ్ అందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక.