బాణసంచా విక్రయము – ప్రజాక్షేమము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



బాణసంచాను సామాన్యజనులకు అమ్మవచ్చునా, కూడదా అను విషయమును గూర్చి ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రజతోత్సవ సభలో ఈ విషయమేమని కొందరికి వింతగా తోచవచ్చును. కాని గ్రంథాలయమనగా పుస్తకముల గది మాత్రమే కాదు. పదిమంది కూడి తమ ఊరి మేలును గూర్చి ఆలోచించుకొను చావడి కూడ. ప్రతి సంవత్సరము దీపావళి మరునాడు ఇచ్చటి బల్లమీదనే పత్రిక విప్పి, కన్నుపోయిన బిడ్డలను గూర్చి చదివి, అయ్యో అని మడిచిపెట్టుచున్నాము. ఆ అయ్యోతో ఆగిపోక ఒక నిర్ణయమునకు రావలెనని నా కోరిక.

బాణసంచా అను ఒక్క పేరు క్రింద ఏమేమి చేరుచున్నవో మొదట విడదీసి చూతము. కాకరపువ్వొత్తి, మతాబు, చిచ్చుబుడ్డి, భూచక్రము వెలుగునిచ్చునవి. తారాజువ్వ, సిసింద్రీ ఎగిరిపోవునవి. అంటించిన తరువాత అవి ఎవరి అదుపులోను ఉండవు. సీమటపాకాయ మొదలు లక్ష్మీబాంబు వరకు గల మూడవ జాతికి ప్రేలుటయే పని. అన్నింటిలో ఉన్నది మందే అయినను వాని స్వభావము ఒకటి కాదు. ఈ భేదమును మరచి ఒకరు అన్నియు ఉండవలెననియు, మరియొకరు అన్నియు పోవలెననియు పట్టుపట్టుటచేతనే ఈ వాదము ఎన్నేండ్లకును తెగుటలేదు.

బాణసంచా మన సంప్రదాయమని కొందరందురు. అందు నిజము లేకపోలేదు. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవములను వర్ణించుచు అచ్చటి బాణసంచా వేడుకను కూడ పేర్కొనెను. అయితే ఒక సంగతి గమనింపుడు. అది రాజు చేయించిన వేడుక. నేర్చిన పనివారు కాల్చగా జనులు దూరమునుండి చూచి ఆనందించిరి. పల్లెలలో మన తాతలు ఆముదపుకొమ్మలకు, గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి దివిటీలు వెలిగించిరి. తాటిపువ్వుల బొగ్గును పొడిచేసి, గుడ్డలో పొట్లము కట్టి, త్రాటితో గిరగిర త్రిప్పగా రవ్వలు పూలవలె రాలెడివి. కావున సంప్రదాయము వెలుగునకు సాక్ష్యమిచ్చినంతగా, ప్రతి పిల్లవాని చేతికి ఒక బాంబు నిచ్చుటకు సాక్ష్యమియ్యదు.

అమ్మకమును సమర్థించువారి మాటలను కూడ న్యాయముగా వినవలెను. ఏడాది పొడవునా కష్టపడిన కుటుంబము ఒక్కరాత్రి సంతోషముగా గడుపగోరుట తప్పు కాదు. దేశములో కాల్చు బాణసంచాలో అధికభాగము తమిళనాడులోని శివకాశిలో తయారగుచున్నది. వానలు తక్కువైన ఆ మెట్టప్రాంతమునకు మొదట అగ్గిపుల్లల పరిశ్రమ, తరువాత బాణసంచా పరిశ్రమ కూడు పెట్టినవి. ఒక్క ఆజ్ఞతో అమ్మకము ఆగిపోయినచో ఆ కూలీల పొయ్యిలో పిల్లి లేవదు. ఈ మాటను త్రోసివేయుటకు వీలులేదు.

ఇక రెండవ ప్రక్కను చూతము. ఈ సరకు పుట్టినచోటినుండి కాలిపోవుచోటివరకు అడుగడుగున ఆపదయే. 2014 అక్టోబరు 20న, దీపావళికి మూడు దినముల ముందు, తూర్పుగోదావరి జిల్లా వాకతిప్ప గ్రామమున తయారీకేంద్రము ప్రేలి పదిమందికి పైగా మరణించిరి. వారిలో స్త్రీలు పెక్కురు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నమున ఎనిమిదిమంది అసువులు బాసిరి. అదే సంవత్సరము అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరమున మరల అట్టి ఘోరమే జరిగెను. ఇది తయారీలోని మాట. అమ్మకములో చూడబోయిన, 2022 అక్టోబరు 23న విజయవాడ జింఖానా మైదానములోని అంగళ్లు అంటుకొని ఇద్దరు మరణించిరి. తరలింపులో చూడబోయిన, 2024 అక్టోబరు 31న, దీపావళినాడే, ఏలూరులో ద్విచక్రవాహనముపై ఉల్లిపాయబాంబుల సంచి తీసికొనిపోవుచుండగా వాహనము గోతిలో పడి, సంచి ప్రేలి, ఒకరు మరణించిరి; ఆరుగురు గాయపడిరి. ఆ దారిలో నిలిచియున్నవారు బాంబులు కొన్నవారు కారు, అమ్మినవారు కారు. ఈ సరకులోని అన్యాయము ఇదియే. కొన్నవాని వేడుకకు కొననివాడు మూల్యము చెల్లించుచున్నాడు.

కాల్చుచోట జరుగు నష్టము హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తెలియును. దీపావళి రాత్రి వచ్చువారికొరకు అచ్చటి వైద్యులు ముందుగనే సిద్ధముగా నుండవలసి వచ్చుచున్నది. వచ్చువారిలో పసివారు, ప్రక్కన నిలిచి చూచుచున్నవారు కూడ ఉందురు. మన ఊరివంటి ఊళ్లలో ఈ ఆపద మరియొక రూపమున వచ్చును. తారాజువ్వకు గడ్డివామి యని, తాటాకు కప్పని, పశువులపాక యని తెలియదు. ఒక రవ్వ పడినచో ఏడాది పశుగ్రాసము గడియలో బూడిద యగును; అగ్నిమాపక శకటము పట్టణమునుండి వచ్చునప్పటికి ఆర్పుటకేమియు మిగులదు.

చట్టము లేదా అని అడుగవచ్చును. ఉన్నది. 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము నేటికిని అమలులో నున్నది. దాని క్రింద 2008లో చేసిన నియమముల ప్రకారము, పండుగకు వేయు తాత్కాలికపు అంగడి నిప్పంటుకొనని సరకుతో కట్టినదై యుండవలెను. అంగడికి, అంగడికి కనీసము 3 మీటర్ల ఎడము, ఇండ్లు మొదలైన రక్షిత కట్టడములకు 50 మీటర్ల దూరము ఉండవలెను. అంగళ్లు ఒకదానికొకటి ఎదురుగా నుండరాదు. లోపల నూనెదీపముగాని, బయటి మంటగాని కూడదు. ఒకచోట 50 అంగళ్లకు మించరాదు. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు కాలుష్యము తక్కువగు బాణసంచాను మాత్రమే అమ్మవలెననియు, దీపావళినాడు రాత్రి 8 మొదలు 10 గంటలవరకే కాల్చవలెననియు తీర్పు చెప్పెను. ఈ నియమములను ఒక్కొక్కటిగా చదివి, పండుగ వారములో మన బజారును తలచుకొనుడు. పప్పులు, ఉప్పులు, కిరసనాయిలు అమ్ము కొట్టులోనే టపాకాయల పెట్టె. దాని ప్రక్కన చుట్ట కాల్చుకొనుచు బేరమాడు మనిషి! చట్టము పుస్తకములో నున్నది. పెట్టె కొట్టులో నున్నది.

అట్లయిన అంతయు నిషేధించుట మంచిదా? ఢిల్లీ అనుభవము చూడుడు. అచ్చట 2017లో సుప్రీంకోర్టు దీపావళి అమ్మకమును ఆపించెను. తరువాతి సంవత్సరములలో సంపూర్ణ నిషేధములును వచ్చినవి. అయినను టపాకాయల మ్రోత ఆగలేదు. సరకు చాటుదారులు పట్టెను. 2025 అక్టోబరులో అదే న్యాయస్థానము హరిత బాణసంచాకు కొన్ని దినములు అనుమతి నిచ్చెను. జనుల మనస్సు మారకుండ వచ్చిన నిషేధము, సరకును తనిఖీగల అంగడినుండి తనిఖీలేని పెరటిలోనికి త్రోయును. పోనీ, అంతయు నేర్పరుల చేతికే వదలుదమా? 2016 ఏప్రిల్ 10న కేరళలోని పరవూరు పుట్టింగల్ దేవాలయమున కాల్చినవారు వృత్తిలోనివారే. అధికారుల అనుమతి లేకయే పోటీగా కాల్చగా, నిలువచేసిన మందు అంటుకొని నూరుమందికి పైగా మరణించిరి. కావున నిషేధమను మాటగాని, నేర్పను మాటగాని ఒంటరిగా మనలను రక్షింపజాలవు.

ఈ రెంటిని ఆలోచించి నాకు తోచిన నిర్ణయమును సభవారి ముందుంచుచున్నాను. వెలుగునిచ్చు వానిని అనుమతి గల అంగళ్లలో, ఊరికి ఎడముగా, పెద్దలకు మాత్రమే అమ్మవచ్చును. ప్రేలునవి, ఎగురునవి విడిగా ఎవరికిని అమ్మరాదు. వానిని చూడవలెనన్న కోరిక ఉన్నచో ఊరంతయు చందా వేసికొని, అధికారుల అనుమతి పొంది, ఇండ్లకు, వాములకు దూరమైన బయలున, తెలిసినవారిచేత కొద్దిగా కాల్పింపవలెను. సరకు నిలువ ఒకచోట, కాల్చుట మరియొకచోట, జనులు వేరొకచోట ఉండవలెను. కిరాణాకొట్టులో అమ్మినను, పెరటిలో చుట్టిన ఉల్లిపాయబాంబులు తెచ్చినను మనలో నొక్కరును కొనరాదు. చట్టము మారువరకు వేచియుండ నక్కరలేదు; కొనువాడు లేనిచో అమ్మువాడుండడు.

దీనివలన పేదల పండుగ పోవునని కొందరు భయపడవచ్చును. నాకట్లు తోచదు. ఇప్పుడు కలవారి వాకిట తారాజువ్వలు లేచుచుండగా, లేనివారి బిడ్డ ప్రేలని టపాకాయలను బూడిదలో వెదకుకొనుచున్నాడు. ఆరిపోయినదనుకొన్న ఆ టపాకాయయే వాని వ్రేళ్లను తీయును. ఊరుమ్మడి వేడుకలో ఆ బిడ్డయు మునసబుగారి మనుమడును ఒకే ఆకాశమును చూతురు. శివకాశి కూలీకిని ఇందు నష్టము లేదు. మనము బాంబులు మాని మతాబులు కొన్నచో అతనికి పని పోదు. ఆపద కొంత తగ్గును.

వెలుగునిచ్చునవి నిరపాయకరములని నేననుటలేదు. కాకరపువ్వొత్తి మొన వేడి సుమారు వేయి డిగ్రీలు. చిచ్చుబుడ్డిపైకి వంగి అంటించువాని ముఖము కాలును. కావున నూలుబట్టలు కట్టుకొని, నీళ్లబిందె దగ్గర నుంచుకొని, పెద్దల చేతిమీదుగనే కాల్పింపుడు. ఆరిపోయినదానిని మరల అంటింపకుడు. ఒళ్లు కాలినచో సిరా, పేస్టు, పసుపు పూయక ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద ఉంచుడు. కంటికి తగిలినచో నులుమక, నొక్కక, వెంటనే వైద్యునికడకు కొనిపొండు.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన బిడ్డల కన్నులకు చదువు నిచ్చినది. ఆ కన్నులను కాపాడు పనిలో కూడ ఇది ముందుండవలెను. ఈ నిర్ణయము ఉచితమని తోచినచో, వచ్చు దీపావళికి నెలదినములు ముందుగనే ఈ చావడిలో సమావేశమై గ్రామపంచాయతీచే తీర్మానము చేయింపుడని వేడుకొనుచున్నాను.