నారుకూ బిల్లు అడుగుదాం

(మిర్చి నాట్లకు ముందు జరిగిన పల్నాడు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుంటూరు యార్డులో రేటు గురించి ఏడాదంతా మాట్లాడుకుంటాం. ఈరోజు నారు గురించి మాట్లాడుకుందాం. పంట సగం అక్కడే గెలుస్తుంది, అక్కడే ఓడుతుంది.

2021-22లో నల్ల తామర పురుగు మన తోటల్ని ఊడ్చేసింది. ఆ దెబ్బ పూత మీద కళ్లకు కనిపించింది. మనం బొబ్బర అనే జెమినీ వైరస్ అలా కాదు. తెల్లదోమ దాన్ని నారుమడిలోనే అంటించగలదు. నారు పచ్చగానే ఉంటుంది, నాటాక ఆకు ముడుచుకుంటుంది. సోకిన మొక్కను బాగుచేసే మందు ఏ కొట్లోనూ లేదు. దోమను ఆపడమే దారి.

సొంతంగా నారు పోసుకునేవాళ్లం మీటరు వెడల్పు, జానెడు ఎత్తు మడులు కట్టుకోవాలి. నీరు నిలిస్తే నారుకుళ్లు వస్తుంది. విత్తనం ఒత్తుగా చల్లకూడదు. మొలిచాక లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడపాలి. షేడ్‌నెట్ ఎండను తగ్గిస్తుంది గానీ తెల్లదోమను ఆపదు. దానికి 40 మెష్ నైలాన్ వల చుట్టూ కట్టి, అంచులు మట్టితో కప్పాలి.

ఆరు వారాల నారు నాటడానికి సరిపోతుంది. పీకే ముందు కొద్ది రోజులు తడి తగ్గిస్తే మొక్క గట్టిపడుతుంది. సాయంత్రం పూట నాటి, వెంటనే నీళ్లు పోయాలి. చేను చుట్టూ రెండు మూడు వరుసల జొన్నగానీ మొక్కజొన్నగానీ ముందే వేసుకుంటే దోమకు అడ్డుగోడ అవుతుంది.

ఇక నర్సరీల సంగతి. మనలో చాలామందిమి ట్రే నారే కొంటున్నాం. రెండడుగుల అచ్చులో ఎకరాకు దాదాపు 11 వేల మొక్కలు పడతాయి. మొక్క రూపాయి అనుకున్నా 11 వేల రూపాయలు. చేతికి మాత్రం చీటీ ముక్క కూడా రాదు. అది ఏ రకమో, ఏ లాటు విత్తనమో నర్సరీవాళ్ల నోటి మాటే. కాయ వేరే రకం కాస్తే ఎవర్ని అడుగుతాం?

2010 నాటి నర్సరీల చట్టం ప్రకారం ఉద్యాన నర్సరీలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ముందు అది చూపించమందాం. బిల్లు మీద రకం, లాటు నంబరు, విత్తిన తేదీ, మొక్కల సంఖ్య రాయించుకుందాం. ఖాళీ విత్తన ప్యాకెట్ ఫోటో తీసి దాచుకుందాం. బిల్లు సాగు చేసే కౌలు రైతు పేరునే ఉండాలి, పొలం యజమాని పేరున కాదు.

కాగితంతో ఏమొస్తుంది అనుకోవద్దు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు అని తీర్పు ఇచ్చింది. అది నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన ఆంధ్ర రైతులు పోరాడిన కేసు. విత్తనమంతా చల్లేసిన రైతును పరీక్షకు నమూనా తెమ్మనడం కుదరదని కూడా కోర్టు చెప్పింది. అయితే కొన్నట్టు రుజువు మన దగ్గర ఉండాలి.

ప్రభుత్వాన్ని మూడు అడుగుదాం. నాట్లకు ముందే ప్రతి షేడ్‌నెట్ నర్సరీని ఉద్యాన శాఖ తనిఖీ చేసి, రిజిస్టరైన వాటి జాబితా పంచాయతీ బోర్డు మీద అంటించాలి. నారు పాడైతే కౌలు రైతు చేతికే పరిహారం రావాలి. సాగర్ కుడి కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో నారు పోయకముందే చెప్పాలి. నీరు ఆలస్యమైతే నారు మడిలోనే ముదిరిపోతుంది, ట్యాంకరు ఖర్చు మన మీద పడుతుంది.

ఒక్కరం అడిగితే నర్సరీవాళ్లు "ఇష్టమైతే తీసుకో" అంటారు. ఊరంతా కలిసి, బిల్లు ఇచ్చేచోటే కొంటామంటే వాళ్లే రాసిస్తారు. ఈ సీజన్‌లో ప్రతి గ్రామ శాఖా ఆ నిర్ణయం తీసుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.