కర్ణభేరికి చిల్లు పడితే స్టెమ్ సెల్స్‌తో పూడుతుందా?

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తుంటే ఒక్క నిమిషం కుడి చెవిది తీసేయండి. నేను ఎనిమిదేళ్లుగా దాదాపు ఇలాగే వింటున్నా. ఇంటర్‌లో ఉన్నప్పుడు జలుబు చేసి, చెవిలో చీము పట్టి, కుడి కర్ణభేరికి చిల్లు పడింది. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసేది. చిల్లు ఉన్న చెవిలో నూనె గానీ నీళ్లు గానీ పోకూడదని మాకప్పుడు తెలీదు.

మొన్న ఫోన్‌లో ఒక యాడ్ వచ్చింది. ఆపరేషన్ లేకుండా, ఒక్క స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో కొత్త కర్ణభేరి వస్తుందట! ఫోన్ చేస్తే లక్షన్నర అన్నారు. బండి అమ్మేద్దాం అనుకున్నా. ఎందుకైనా మంచిదని ముందు ఈఎన్‌టీ డాక్టర్ గారి దగ్గరికెళ్లా. ఆయన చెప్పిందీ, తర్వాత నేను చదివిందీ కలిపి చెప్తాను.

కర్ణభేరి మందం మిల్లీమీటర్‌లో సుమారు పదో వంతు. అందులోనే మూడు పొరలు. బయట చర్మం, మధ్యలో నార లాంటి పొర, లోపల తడి పొర. ఆ బయటి పొరలో స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, మనకి పుట్టుకతోనే ఉంటాయి. కొత్త చర్మాన్ని తయారుచేసేవి అవే. అందుకే దెబ్బ తగిలి పడిన చిన్న చిల్లు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే పూడిపోతుంది.

మరి నాది ఎందుకు పూడలేదు? చిల్లు పాతబడితే దాని అంచు దగ్గర బయటి చర్మం లోపలి పొరతో కలిసిపోతుంది. గుడ్డకి అంచు మడిచి కుట్టేసినట్టు. ఇక కణాలు ముందుకు పాకవు.

జపాన్ డాక్టర్లు ఇక్కడే పట్టుకున్నారు. ఆ పాత అంచుని కొద్దిగా గీకి, మళ్లీ పచ్చి గాయంలా చేస్తారు. కణాలు పెరిగేలా చేసే ట్రాఫెర్మిన్ అనే మందులో జెలటిన్ స్పాంజి ముక్కని తడిపి చిల్లులో పెడతారు. అక్కడి ప్రభుత్వం 2019లో దీనికి అనుమతి ఇచ్చింది. గమనించారా, ఇందులో బయటి నుంచి స్టెమ్ సెల్స్ ఎక్కించడం లేదు. మన కణాల్నే నిద్ర లేపుతున్నారు.

మన దేశంలో పరిస్థితి ఏంటంటే, 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకి చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యమంతా పరిశోధన కిందకే వస్తుంది. పరిశోధనలో పాల్గొనేవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోకూడదు. కాబట్టి ఎవరైనా ఇలాంటి ఇంజెక్షన్‌కి రేటు చెప్తే ఒక్కటే అడగండి: "ఈ ట్రయల్ సీటీఆర్ఐలో రిజిస్టర్ అయిందా? నంబర్ ఇవ్వండి." నేను అడిగా. ఫోన్ పెట్టేశారు.

ఇంకో మాట. చెవి నుంచి వాసనతో చీము కారినా, కళ్లు తిరిగినా, మూతి ఒక పక్కకి వంకరైనా యూట్యూబ్ కట్టేసి వెంటనే డాక్టర్ దగ్గరికెళ్లండి.

వచ్చే నెల నాకు టింపనోప్లాస్టీ. కణత దగ్గర కండరం మీద ఉండే పల్చటి పొర తీసి, చిల్లుకి అడ్డంగా పెడతారు. అందరికీ నూరు శాతం అతుక్కుంటుందని డాక్టర్ గారు మాటివ్వలేదు. నిజం చెప్పారు కాబట్టే నమ్మకం కుదిరింది. పెట్టే పొర నాదే, దాని మీదికి పాకాల్సిన కణాలూ నావే. భయం మాత్రం ఉంది.

కట్టు విప్పాక మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా చెవుల్లో పుల్లలూ పిన్నీసులూ పెట్టకండి. ఉంటా మరి!