అడ్రసును నమ్మిన డ్రైవరు

పట్టభద్రులగుచున్న విద్యార్థులారా, మగ్గములను నమ్ముకొని తెలంగాణమునుండి సూరతునకు తరలివచ్చిన పద్మశాలి కుటుంబముల బిడ్డలు మీలో నున్నారు గనుక, ఈ బార్డోలీలో మన తెలుగుననే మాటలాడ సాహసించుచున్నాను.

మీరు పుట్టకమునుపటి డాస్ కాలపు చిక్కొకటి నా మనస్సును నేటికిని వీడలేదు. 8088 ప్రాసెసరునకు ఇరువది అడ్రసు తీగలే యుండుటచే దానికి అందునది ఒక్క మెగాబైటు. వీడియోకును బయాసుకును పైభాగము పోగా ప్రోగ్రాములకు మిగిలినది 640 కిలోబైట్లు. డ్రైవర్లన్నియు ఆ ఇరుకుననే యొదుగవలసి యుండగా, 386 ప్రాసెసరు పేజింగు బలమున ఈఎంఎం386, క్యూఈఎంఎం వంటి మెమరీ మేనేజర్లు పైభాగమున ఖాళీగానున్న అడ్రసులకు వేరొకచోటి మెమరీని అతికించి, డ్రైవర్లను అచటికి తరలింపసాగినవి. 1991లో వెలువడిన ఎంఎస్-డాస్ 5 ఈ సౌకర్యమును సామాన్యులకును అందించెను. ఇట్లు ప్రోగ్రామునకు కనబడు అడ్రసు వేరు, బైట్లు నిజముగా నిలిచిన చోటు వేరు.

చదువుటయు వ్రాయుటయు ప్రాసెసరే చేయునంతవరకు ఈ భేదము ఎవరికిని తెలియదు, ఏలయన ఆ మార్పిడి దానిలోనే జరిగిపోవును. కాని అడాప్టెక్ 1542 వంటి స్కజీ కంట్రోలరు ప్రాసెసరు ప్రమేయము లేకయే డిస్కు డేటాను మెమరీలోనికి తానే చేర్చును; దీనినే డీఎంఏ యందురు. డ్రైవరు అడ్రసులోని సెగ్మెంటు భాగమును పదునారింట హెచ్చవేసి ఆఫ్‌సెట్టు భాగమును కలిపి యిచ్చినదే యథార్థమని ఆ కంట్రోలరు నమ్మును. డేటా పరాయిచోట పడినపుడు యంత్రము స్తంభించెడిది. అంతకన్న ఘోరముగా, డిస్కుపై వ్రాయునపుడు అన్యమైన బైట్లు ఫైలులో చేరి, ఆ చేటు ఎప్పటికోగాని బయటపడెడిది కాదు. డ్రైవరునందును దోషము లేదు, మేనేజరునందును లేదు. ఒకరి మార్పును వేరొకరికి తెలియజెప్పు మార్గము మాత్రము లేకుండెను.

చేతికందిన లెక్కయే యథార్థమని నమ్మినందున కలుగు ఇట్టి వ్యథను ఈ బార్డోలీ నేల ఎరుగును. ఇచటి భూమిశిస్తును 22 శాతము పెంచిన నాటి బ్రిటిషు అధికారులు కాగితములందలి కౌలు లెక్కలను నమ్మిరి. 1928లో వల్లభభాయి పటేలు నాయకత్వమున రైతులు సత్యాగ్రహము సలిపిన పిమ్మట, బ్రూంఫీల్డు, మాక్స్‌వెల్లు అనువారు గ్రామములు తిరిగి విచారించి, పెంపు ఇంచుమించు ఆరు శాతమే తగునని తేల్చిరి.

మరల మన అడ్రసు చిక్కునకు వచ్చినచో, డాస్‌లో దానికి తాత్కాలికోపాయము డబుల్ బఫరింగు. కాన్ఫిగ్.సిస్ అను అమరికల ఫైలులో స్మార్ట్‌డ్రైవ్ అను డిస్కు క్యాషు ప్రోగ్రామును ఆ స్విచ్చుతో చేర్చినచో, డేటా ముందుగా అడ్రసు మారని దిగువ మెమరీలోని బఫరునకు వచ్చి, అటనుండి ప్రాసెసరుచే గమ్యమునకు చేరును. వేగము కొంత తగ్గినను ఫైలు చెడదు. నాకు మిక్కిలి ప్రియమైనది రెండవ మార్గము, వర్చువల్ డీఎంఏ సర్వీసెస్ అను ఒప్పందము: డ్రైవరు 4బీ ఇంటరప్టుద్వారా ఈ అడ్రసు నిజముగా ఎచట నున్నదని మేనేజరును అడుగును, మేనేజరు ఆ చోటును కదలకుండ బిగించి బదులిచ్చును.

ఆ ప్రశ్న మీ ఉద్యోగములలోనికిని వచ్చును. నేటి యంత్రములలో పరికరముల అడ్రసులను మార్చుటకు ఐఓఎంఎంయూ యున్నది; లినక్సు కెర్నెలులో డబుల్ బఫరింగునకు సాటియగు బౌన్స్ బఫరులు ఇంకను ఉన్నవి; అందు డ్రైవరు వ్రాయువారు తమ పాయింటరును పరికరమునకు నేరుగా ఈయక, డీఎంఏ మ్యాపింగు ఫంక్షనును పిలిచి, అది తిరిగి యిచ్చిన అడ్రసునే ఈయవలసియున్నది.