సంతకం చేసే ముందు

 

ఇటీవల జుమా నమాజు ముగిసిన తరువాత మా మొహల్లా యువకులు ఒక కాగితంతో మా వద్దకు వచ్చారు. ఖబరస్తాన్ దారిలో మురుగు నిలుస్తున్నదని ఎన్నిసార్లు చెప్పినా వార్డు కౌన్సిలర్ పట్టించుకోవడం లేదనీ, కనుక ఆయనను పదవి నుండి తొలగించాలనీ అందులో వ్రాశారు. వంద మందికి పైగా సంతకాలు చేశారు. వారి ఆవేదన న్యాయమైనదే. కాని ఆ కాగితానికి చట్టబలం లేదని మేము చెప్పవలసి వచ్చింది. కౌన్సిలర్‌ను గాని, శాసనసభ్యుని గాని గడువుకు ముందే ఓటర్లు వెనక్కి పిలిచే చట్టం మన తెలుగు రాష్ట్రాలలో లేదు.

"అయితే ఆ చట్టం కావాలని అడుగుదాం చాచా" అన్నారు వారు. అడగవచ్చు. ఎటువంటి చట్టం అడగాలో ముందుగా తేల్చుకోవాలి.

బ్రిటన్ 2015లో పార్లమెంటు సభ్యుల రీకాల్ చట్టం చేసింది. అక్కడ కోపం వచ్చినంత మాత్రాన పిటిషన్ తెరవరు. సభ్యునికి జైలుశిక్ష పడాలి, లేదా సభ నిర్ణీత దినాలు సస్పెండ్ చేయాలి, లేదా భత్యాల లెక్కలలో మోసం కోర్టులో రుజువు కావాలి. ఆపై ఆరు వారాలలో 10 శాతం ఓటర్లు సంతకం చేస్తే స్థానం ఖాళీ అవుతుంది. ఆ వ్యక్తి ఉపఎన్నికలో మళ్లీ పోటీ చేయవచ్చు. 2018లో నార్త్ ఆంట్రిమ్‌లో 444 సంతకాలు తక్కువై సభ్యుడు పదవిలో నిలిచాడు. 2019లో పీటర్‌బరో సభ్యురాలు పదవి కోల్పోయారు.

మన దేశంలో మధ్యప్రదేశ్ మున్సిపల్ అధ్యక్షుల కోసం మరో పద్ధతి తెచ్చింది. కౌన్సిలర్లలో నాల్గింట మూడు వంతుల మంది సంతకం చేసిన ప్రతిపాదన కలెక్టరుకు చేరాలి. తుది తీర్పు రహస్య బ్యాలెట్‌లో ప్రజలది. ఎన్నికైన రెండేళ్లలోపు ప్రతిపాదన తేరాదని, పదవీకాలంలో ఒక్కసారి మాత్రమే తేవాలని ఆ నిబంధన చెప్పింది. ఇదే పద్ధతిలో 2008లో ఛత్తీస్‌గఢ్‌లో ముగ్గురు స్థానిక సంస్థల అధ్యక్షులు పదవులు కోల్పోయారు.

ఈ నిబంధనలతో మనకేమి పని? నూటికి ఇరవై మందిమి ఉన్న ఊరిలో మనవారొకరు అందరి ఓట్లతో గెలిచారనుకుందాం. కారణం చూపనక్కరలేదు, గడువు లేదు, కొద్ది సంతకాలు చాలు అనే చట్టం ఉంటే, ఆయన ఏమి చేశారన్నది ఎవరూ అడగరు. ఆయన ఎవరన్నదే పిటిషన్‌కు కారణమవుతుంది. కనుక కారణం, గడువు, తగినన్ని సంతకాలు, రహస్య ఓటు ఉన్న చట్టాన్నే మనం కోరాలి. మనకు నచ్చని వ్యక్తికీ అదే రక్షణ దక్కాలి. మనవారికొక న్యాయం, పరులకొక న్యాయం ఇస్లాం ఒప్పదు.

ఆ సంతకాలను మేము వ్యర్థం కానీయలేదు. మురుగుకాల్వ కోసం మున్సిపల్ కమిషనర్‌కు అర్జీగా తిరిగి వ్రాయించాము. ఆ పనికి నిధులు మంజూరయ్యాయో లేదో తెలుపమని సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు పెట్టించాము. ముప్పై రోజులలో జవాబివ్వడం వారి విధి. ఆ గడువును లెక్కపెట్టే బాధ్యత ఆ యువకులే తీసుకున్నారు.

పదవి ఒక అమానతు. మన సంతకమూ అమానతే. చదివి, ఆలోచించి చేద్దాం.